పగటి మంచం

తలుపులో తాళంచెవి తిరిగిన చప్పుడు వినగానే పొట్టి మంచం దిగింది. దుప్పటి మడిచి, దిండు చంకన పెట్టుకుని, పరుపు మీది తన పక్కబట్ట లాగేసింది. డ్యూటీ అక్క అప్పటికే గుమ్మంలో బూట్లు విప్పుతోంది. ఆవిడ లోపలికొచ్చి, అలమరలోంచి తన పక్కబట్ట తీసి, ఒక్క విసురుకి పరుపు నిండా పరిచి, అంచులు పరుపు కిందికి తోసేసింది. ఎక్కడా ముడతన్నది లేదు. రాత్రంతా అదే పని చేసి వచ్చిన మనిషి. ముసలివాళ్ళను చూసుకునే హోములో ఆవిడది రాత్రి డ్యూటీ. లేవలేని మనిషి మంచం మీద ఉండగానే, ఇటు దొర్లించి సగం, అటు దొర్లించి సగం, కింద పక్కబట్ట మార్చేస్తుందట.

"ఇంకా బయల్దేరలేదా?" అంది అక్క. కళ్ళు అప్పటికే వాలిపోతున్నాయి.

"ఇదిగో అక్కా, అయిపోయింది."

"గొడుగు తీసుకెళ్ళు. తలుపు మెల్లిగా వెయ్యి. నిన్న దభీమని వేశావ్, ఇక నిద్ర పడితే ఒట్టు."

అక్కంటే సొంతక్క కాదు, ఇంటి దగ్గర తెలిసినవాళ్ళ అమ్మాయి. ఆ గదికి మంచం ఒకటే. పగలు అక్కది, రాత్రి పొట్టిది. గదిలో ఎవరు మెసిలినా ఆవిడకి నిద్ర పట్టదు, అందుకని అక్క డ్యూటీనుంచి వచ్చాక ఈ పిల్ల బయటికి పోవాలి, సాయంత్రం అక్క లేచాక రావాలి. హాల్లో ఉందామంటే అక్కడ తెర కట్టుకుని ఇంకొకావిడ అద్దెకుంటోంది. పొద్దస్తమానం ఫోన్లో ఎవరెవరికో సర్దిచెప్పే ఉద్యోగం ఆవిడది. వంటగదిలో నిలబడ్డానికే చోటు. ‘గది నీదేననుకో, పగలు మాత్రం కాస్త అటూ ఇటూ తిరుగు, ఊరు చూసినట్టూ ఉంటుంది’ అని అక్క ముందే ఫోన్లో చెప్పింది. ఇంటి దగ్గర కూర్చుని వింటే అది ఎంత బాగుందని! ఎవరైనా కొత్త ఊరెళ్ళేది తిరగడానికే కదా అనుకుంది పొట్టి. తిరగాలనిపించినప్పుడు తిరగడం వేరు, తిరక్క తప్పనప్పుడు తిరగడం వేరు అని ఆ పిల్లకి మొదటి రోజు మధ్యాహ్నానికే తెలిసిపోయింది.

క్లాసులు మొదలవడానికి ఇంకా రోజులున్నాయి. గుర్తింపు కార్డు క్లాసులు మొదలయ్యాకే ఇస్తారు. ఆ కార్డు చూపిస్తే తప్ప లైబ్రరీ తలుపు తెరుచుకోదు. పొట్టి మొదటి రోజే వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడి చూసింది. అద్దంలోంచి లోపల దీపాలూ కుర్చీలూ కనిపించాయి. ఖాళీ కుర్చీలు. ఎవరో ఒక కుర్చీ మీద కోటు, ఇంకో కుర్చీ మీద సంచీ పెట్టుకుని చదువుకుంటున్నారు. సంచీకి కూడా కుర్చీ ఉంది, నాకు లేదు అనుకుంది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

*

ఆ పిల్ల ఇంట్లో అందరికంటే పొడుగు. పొట్టి అన్న పేరు చిన్నప్పుడు పెట్టారు, ఎదిగాక మార్చాలని ఎవరికీ తోచలేదు. దేశం దాటైనా ఈ చదువు చదవాల్సిందేనని పట్టుబట్టింది వదిన. ఆవిడ ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతుంది. ఆడపడుచును పంపాలని మొగుడితో నెలల తరబడి పోట్లాడి, చివరికి మాటలు మానేసి సాధించింది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం వీడియో ఫోన్ చేస్తుంది. వెనక పిల్లలు ఎక్కాలు అప్పజెబుతూ ఉంటారు.

"ఏమ్మా, ఇవాళ ఏ రోడ్డు కొలుస్తున్నావ్?"

"ఇదిగో చూడు వదినా. ఇది పాత కోట. ఎన్ని వందల ఏళ్ళదో."

"అబ్బ! ఒరేయ్, ఎక్కాలాపి ఇటు రండ్రా, మా ఆడపడుచు కోట చూపిస్తోంది. లోపలేముందే పొట్టీ?"

"లోపల... లోపల చాలా ఉంది వదినా. ఫోటోలు తియ్యనివ్వరు."

కోట లోపలికి టిక్కెట్టుంది. పొట్టి దాన్ని చుట్టూ మూడు వైపులనుంచి చూసింది, నాలుగో వైపు నది. ఆ ఊళ్ళో చూడదగ్గవన్నీ ఆ పిల్ల బయటినుంచి చూసేసింది. ఊరు అందంగానే ఉంది, అది కూడా చెప్పాలి. వంతెన మీద గాలి చల్లగా, నీళ్ళు బూడిదరంగుగా, భవనాల తలల మీద రాతి బొమ్మలు. కానీ నడిచి నడిచి కాళ్ళు పీకుతుంటే రాతి బొమ్మల్ని చూసి ఏం చేసుకోను? అవైనా కూర్చుని ఉన్నాయి అనిపించేది.

ఊరంటే ఆ పిల్లకి కూర్చునే చోట్ల లెక్కగా తయారైంది. రైల్వే స్టేషన్లో బెంచీలున్నాయి, ఎవరూ పడుకోకుండా మధ్యమధ్య ఇనుప కమ్మీలు పెట్టారు. కాసేపు కూర్చుంటే పోలీసొచ్చి ఏ బండికి అని అడుగుతాడు. పెద్ద బజారులో బెంచీ మెత్తగా ఉంటుంది, కానీ చెప్పుల కొట్టు ముందుంది, కొట్టులో పిల్ల ప్రతిసారీ ‘ఏమైనా చూపించనా’ అని నవ్వుతుంది. పార్కులో ఎవరూ ఏమీ అడగరు, అక్కడ చలే లేపి పంపేస్తుంది.

అన్నిట్లోకీ మెరుగైంది బట్టలుతికే మిషన్ల షాపు. లోపల వెచ్చగా ఉంటుంది. గోడ పొడుగునా మిషన్లు, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలు. జనం బట్టలు వేసి, గుండ్రటి అద్దం వెనక అవి తిరుగుతుంటే చూస్తూ కూర్చుంటారు. పొట్టీ కూర్చుంది. ఎవరివో దుప్పట్లు, ఎవరి పిల్లలవో చిన్న మేజోళ్ళు. షాపు చూసుకునే టోపీ ఆయన మధ్యమధ్య వచ్చి సబ్బుపొడి అరలు తుడుస్తాడు, మిషన్ల రబ్బరు మడతల్లో ఇరుక్కున్న మేజోళ్ళను వేలితో పీకి తీసి తీగ మీద వేస్తాడు. ఒంటి మేజోళ్ళు తీగ నిండా వేలాడుతున్నాయి. ఆయన పొట్టి దగ్గర ఆగి అడిగాడు.

"మీ బట్టలు ఏ మిషన్లో ఉన్నాయి?"

పొట్టి లేచి బయటికొచ్చేసింది. మర్నాడు సంచీలో బట్టలు వేసుకుని వెళ్ళింది. ముందురోజు సాయంత్రమే ఇంట్లో బాత్రూములో తను చేత్తో ఉతుక్కుని, ఆరేసి, మడత పెట్టుకున్న బట్టలు. వాటినే మిషన్లో వేసి, అది తిరిగినంతసేపూ దర్జాగా కూర్చుంది. చుడీదారు అద్దానికి కొట్టుకుని కొట్టుకుని కిందికి జారుతోంది. అన్నేళ్ళలో ఆ చుడీదారు అంత శుభ్రంగా ఎన్నడూ లేదు. మిషన్ ఆగగానే మళ్ళీ రోడ్డే. అప్పుడు ఆ పిల్లకి తొలిసారి గట్టిగా ఏడుపొచ్చింది. తడి బట్టల సంచీ మోసుకుంటూ, ఎవరూ చూడకుండా ఏడవడానికైనా ఒక చోటుండాలి గదా అని వెతుక్కుంటూ నడిచింది.

*

మర్నాడు కాలేజీ వైపు వెళ్ళింది. మట్టి గురించి చదవడానికి వచ్చిన పిల్ల తను. ల్యాబు కింది అంతస్తులో ఉంది, తలుపు తీసే ఉంది. గుమ్మంలోకి రాగానే వాసన తగిలింది. ఎండుతున్న మట్టి వాసన. ఆ ఊరు వచ్చాక తెలిసిన వాసన తగలడం అదే మొదలు. పొట్టి గుమ్మంలోనే నిలబడి ఇంకోసారి గట్టిగా పీల్చింది.

లోపల ప్రొఫెసరమ్మ ఒక్కతే ఉంది. జుట్టంతా నెరిసింది, మోచేతులదాకా దుమ్ము. బల్లల మీద రేకు పళ్ళాల్లో రకరకాల మట్టి ఆరబెట్టి ఉంది. ఆవిడ ఒక్కో పళ్ళెంలోంచి మట్టి తీసి, గడ్డల్ని బొటనవేలితో నలిపి, వేళ్ళ ముక్కలూ రాళ్ళూ ఏరేసి, జల్లెడలో పోసి మెల్లిగా ఆడిస్తోంది. జల్లెడ కింద ఇంకో జల్లెడ, దాని కింద ఇంకోటి. అన్నిటికంటే అడుగున పిండిలాంటి మట్టి పడుతోంది. పొట్టి తానెవరో చెప్పుకుంది. ఆవిడ చేతులు దులుపుకుని, ఇంకా మట్టి ఉన్న చేత్తోనే చెయ్యి కలిపింది.

"ముందే వచ్చారే! చాలా సంతోషం. ఊరు చూశారా?"

"చూశానండి. చాలా బాగుంది."

ఆవిడ జల్లెడ చేతికిచ్చింది. పొట్టి ఆడించింది. డిగ్రీ చదివేటప్పుడు చేసిన పనే, చేతులకు దానంతటదే వచ్చేసింది. మరీ గట్టిగా ఊపితే రాళ్ళు తీగల్లో ఇరుక్కుంటాయి, మెల్లిగా తిప్పాలి. ప్రొఫెసరమ్మ కాసేపు చూసి తలూపింది. చాలాసేపు ఇద్దరూ పని చేసుకున్నారు. కిటికీ బయట ముసురు. లోపల వెచ్చగా ఉంది, కింద కుర్చీ ఉంది, చేతిలో పనుంది. ఇంతకంటే మనిషికేం కావాలి అనుకుంది పొట్టి, నిజంగానే అనుకుంది.

పళ్ళాలు అయిపోయాక ఆవిడ కిటికీ పక్కనున్న బల్ల చూపించింది. "అది ఖాళీగా ఉంది. క్లాసులు మొదలయ్యేదాకా పొద్దున్నుంచీ సాయంత్రందాకా మీరు ఇక్కడే పని చేసుకోవచ్చు. తలుపు తాళంచెవి కూడా ఇస్తాను. కావాలా?"

పొట్టి కిటికీ వైపు చూసింది. ఆ బల్ల, ఆ కుర్చీ, ఆ కిటికీ, అన్నీ తనవే. పగలంతా! నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి ఊహ తెలిసినప్పటినుంచీ నేర్చుకున్న మాటే వచ్చింది.

"అయ్యో, పర్వాలేదండి. నాకోసం మీకెందుకు శ్రమ."

మన దగ్గర ఇందులో వింతేమీ లేదు. ఎవరింటికెళ్ళినా కాఫీ ఇస్తామంటే ‘ఇప్పుడే తాగొచ్చామండి’ అనాలి. ‘భలేవారే, కొంచెం పుచ్చుకోండి’ అని వాళ్ళనాలి. ‘ఎందుకండీ శ్రమ’ అని మళ్ళీ మనమనాలి. ఈ లోపల వాళ్ళు పాలు పొయ్యి మీద పెట్టేసి ఉంటారు. అడగ్గానే తీసేసుకున్న పిల్లని ‘ముఖం వాచిపోయి ఉంది’ అంటారు. వదిన అయితే తొడపాశం పెడుతుంది. అందుకని పొట్టి అనవలసిన మాట అనేసి, ఆవిడ అనవలసిన మాట కోసం, తల కొంచెం వంచి, చిరునవ్వుతో నిలబడింది.

"సరే" అంది ప్రొఫెసరమ్మ. అంతే నవ్వు మొహంతో జల్లెడలు ఎత్తి కడగడానికి పట్టుకుపోయింది.

పొట్టి అలాగే నిలబడింది. ఆవిడ నీళ్ళు వదిలి, కుంచెతో జల్లెడ తీగల్ని తోమి, బోర్లించి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని వచ్చింది. ఇంకా అక్కడే ఉన్న పిల్లని చూసి, "ఇంకేమైనా కావాలా?" అని అడిగింది.

"ఏం లేదండి" అంది పొట్టి.

*

ఆవిడ పనిలో పడి మర్చిపోయి ఉంటుంది, రేపు కనిపిస్తే తప్పకుండా మళ్ళీ అడుగుతుంది అని రాత్రంతా తనకు తాను నచ్చజెప్పుకుని, పొట్టి మర్నాడు మిషన్లో ఉతికిన చుడీదారే వేసుకుని మళ్ళీ ల్యాబుకెళ్ళింది. కిటికీ పక్క బల్ల దగ్గర ఒక ఎర్రజుట్టు కుర్రాడు కూర్చుని ఉన్నాడు. మెడలో తాడుకి తాళంచెవి. బల్ల మీద తన దీపం, తన నీళ్ళ సీసా, వేడి చేసుకునే తన గిన్నె, అప్పుడే సంసారం పెట్టేశాడు.

ప్రొఫెసరమ్మ పలకరించింది. పొట్టి చూపు ఎటు పోయిందో ఆవిడకీ అర్థమైంది.

"మీరు నిన్న వద్దన్నారు కదా? పొద్దున ఇతనొచ్చి అడిగితే ఇచ్చాను. ఇప్పుడు ఇంకో బల్ల లేదే. అయితే మీకు కావాలనే ఉందా?"

"అబ్బే, లేదండి. ఊరికే వచ్చాను."

"కావాలంటే చెప్పాల్సింది" అంది ఆవిడ. నిజంగానే నొచ్చుకుంది పాపం. ఆవిడ తప్పేముంది? అడిగింది, వద్దంటే గౌరవించింది. తప్పు ఎవరిదీ కానప్పుడు ఎవరి మీద కోప్పడాలో తెలియక పొట్టి తన మీదే కోప్పడింది. బుద్ధిలేనిదానా, నోట్లో మాట నోట్లో ఉంచుకుంటే ఏం పోయేది? వీధుల వెంట అలా తనను తాను తిట్టుకుంటూనే తిరిగింది. ముసురు వానైంది. గాలికి గొడుగు వెనక్కి తిరగబడింది. మిషన్ల షాపుకి పోదామంటే ఆ రోజు వెంట వేరే బట్టల్లేవు, ఒంటి మీది చుడీదారు తప్ప.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అక్క వంటగదిలో అన్నం డబ్బా కట్టుకుంటోంది. పొట్టి వాలకం చూసి తువ్వాలు విసిరింది.

"ఏమైంది?"

చెప్పింది. అక్క మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసి డబ్బా మూత గట్టిగా నొక్కింది.

"నాకూ ఇదే అయ్యిందిలే. నేను వచ్చిన కొత్తలో మా హోములో పగటి డ్యూటీ ఖాళీ అయింది. ఇన్‌ఛార్జి పిలిచి, నీకు కావాలా అంది. నేను ‘మీ ఇష్టమండి’ అన్నాను. ఆమె ఇష్టం ఇంకొకరి మీదుంది, వాళ్ళకిచ్చేసింది. అప్పట్నుంచీ రాత్రుళ్ళే నా మొహాన రాసిపెట్టున్నాయ్." డబ్బా సంచీలో పెట్టుకుంది. "ఇక్కడ ఒక్కసారే అడుగుతారు. నువ్వు వద్దంటే వాళ్ళకి వద్దనే. బతిమాలే ఓపిక ఎవరికీ లేదు. ఇకనుంచి ఎవరేం ఇస్తానన్నా నోరు మూసుకుని సరే అను. మొహమాటానికి పోయావంటే రోడ్డున పడి చస్తావ్, తెలిసిందా?"

"తెలిసింది అక్కా."

"తెలియడం కాదు, అను. ఏదీ, సరే అను."

"సరే."

"ఆఁ. అలా."

*

తెల్లారేసరికి పొట్టికి ఒళ్ళు కాలిపోతోంది. తాళంచెవి చప్పుడు వినిపించింది గానీ ఆ చప్పుడు ఎక్కడో దూరంగా వేరే ఇంట్లో అయినట్టనిపించింది. లేచి కూర్చుంటే గది పక్కకి ఒరిగింది. పక్కబట్ట లాగాలని వంగి, మంచం పట్టె పట్టుకుని అలాగే ఉండిపోయింది. ముందురోజు తడిసిన బూట్లు ఇంకా ఆరలేదు. అందులో కాలు పెడుతుంటే పళ్ళు టకటకలాడాయి.

అక్క గుమ్మంలో నిలబడి చూసింది. ఆ రాత్రి హోములో ఎవరో పెద్దాయన పోయాడట, కడిగి, బట్టలు మార్చి పంపేసరికి ఆలస్యమైంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఒక బూటు తాడు విప్పింది, రెండోది ఇంకా విప్పలేదు. వచ్చి పొట్టి నుదుటి మీద చెయ్యి వేసింది.

"అమ్మో, ఇదేంటే ఇలా కాలిపోతోంది! ఈ వానలో ఎక్కడికి పోతావ్?" అని, తన పక్కబట్ట వైపు ఒకసారి చూసి, "పోనీ ఇవాళ నువ్వే పడుకో. నేను ఎక్కడో అక్కడ కూర్చుంటాలే" అంది.

"సరే అక్కా" అంది పొట్టి.

అక్క వెంటనే కదల్లేదు. విప్పిన బూటు తాడు మళ్ళీ కట్టుకోవడానికి వంగి, చాలాసేపు కట్టుకుంది. లేచి, గోడకున్న కోటు తీసి తొడుక్కుంది. తలుపు గడియ మీద చెయ్యి వేసి ఒకసారి వెనక్కి చూసింది. పొట్టి అప్పటికే బూట్లు తన్నేసి, దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. సరే అనడం ఇంత తేలికా అనుకుంటోంది. అక్క తలుపు మెల్లిగా, చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది.

ఆ పిల్ల ఆ ఊరు వచ్చాక అంత నిద్ర ఎప్పుడూ పోలేదు. చెమట పట్టింది, జ్వరం విడిచింది. పగటి వెలుతురు గోడ మీద మెల్లగా జరిగింది. ఒకసారి మెలకువ వచ్చి, పగలు ఈ గదికి ఇంత వెలుతురొస్తుందా అని ఆశ్చర్యపడి, మళ్ళీ నిద్రపోయింది.

రెండోసారి మెలకువ ఫోన్ మోతకి వచ్చింది. అక్క రాత్రి డ్యూటీకి పోతూ మర్చిపోయిన ఫోను, ఛార్జింగు తీగకి వేలాడుతూ మోగుతోంది. అలమర తలుపు తెరిచే ఉంది. అక్క పక్కబట్ట మడత విప్పకుండా అలాగే ఉంది. అది చూస్తూ పొట్టి కొంతసేపు కూర్చుంది. గడియ మీద చెయ్యి వేసి వెనక్కి చూసిన అక్క మొహం అప్పుడు కళ్ళముందుకొచ్చింది. ఆ నిలబడడం ఏమిటో తనకంటే బాగా ఎవరికి తెలుసు? ‘అయ్యో, వద్దక్కా, రాత్రంతా నిలబడి వచ్చావు, నువ్వు పడుకో’ అనవలసిన చోట తనేం అంది? ఆవిడ మనమనిషిలా అడిగితే తను పరాయిదానిలా జవాబు చెప్పింది. సిగ్గుతో ఒళ్ళు మళ్ళీ వేడెక్కింది.

తడి బూట్లే వేసుకుని వానలోకి పరిగెత్తింది. రైల్వే స్టేషన్లో కమ్మీల బెంచీలన్నీ చూసింది. చెప్పుల కొట్టు ముందు చూసింది. పార్కు ఖాళీ. మిషన్ల షాపులో టోపీ ఆయన తీగకి ఇంకో మేజోడు తగిలిస్తూ, అలాంటావిడ ఎవరూ రాలేదని తల అడ్డంగా ఊపాడు. ఊళ్ళో ఊరికే కూర్చునే చోట్లన్నీ ఈ పిల్లకి తెలుసు. రెండేళ్ళుగా పగలంతా నిద్రపోయే అక్కకి హోమూ ఇల్లూ తప్ప ఏ చోటూ తెలియదు. ఎక్కడని వెతుకుతుంది? మధ్యలో వదిన ఫోన్ చేసింది.

"ఏమే, మొహం అలా ఉందేం? ఇవాళేం చూశావ్?"

"ఇవాళ ఏమీ చూడలేదు వదినా."

"బోలెడు చూసేశావులే, కాస్త రెస్టు తీసుకో. మీ అక్కకి నా మాటగా చెప్పు, మా పిల్లని కనిపెట్టుకుని ఉన్నందుకు..."

"చెప్తాను వదినా" అని పెట్టేసింది.

సాయంత్రం అక్క తనే వచ్చింది. కోటు నీళ్ళోడుతోంది. వంటగదిలో నిలబడి వేడినీళ్ళు తాగింది.

"ఎక్కడున్నావక్కా? ఊరంతా వెతికాను."

"బస్సులో. చివరి స్టాపొస్తే దిగమనేవాళ్ళు. దిగి, ఇంకోటి ఎక్కేదాన్ని. కాస్త కన్నంటుకునేసరికి చివరి స్టాపు." ఆవిడ గ్లాసు కడిగి బోర్లించింది. "జ్వరం తగ్గిందా?"

"తగ్గింది. అక్కా, పొద్దున నేను..."

"తగ్గిందిగా. సరేలే."

"ఇవాళ సెలవు పెట్టకూడదా?"

"ఏజెన్సీ పంపిన అద్దె మనిషికి సెలవేమిటే" అని, మొహాన నీళ్ళు చల్లుకుని, యూనిఫాం బొత్తాలు ఒకదానికొకటి తప్పుగా పెట్టుకుని, మళ్ళీ విప్పి పెట్టుకుని, వెళ్ళిపోయింది.

*

మర్నాడు తాళంచెవి ఎప్పటికంటే ముందే తిరిగింది. పొట్టి అప్పటికే పక్కబట్ట తీసేసి, అక్కది పరిచి ఉంచింది. అక్కలా మూలలు బిగించాలని చూసింది గానీ కుదరలేదు. అక్క వచ్చి మంచం అంచున కూర్చుంది. బూట్లు విప్పలేదు.

"కుర్చీలో కూర్చున్నాను, అంతే" అంది, ఎవరికో వేరేవాళ్ళకి చెబుతున్నట్టు. "ఆ చివరి మంచం ముసలమ్మని పక్కకి తిప్పాలి. తిప్పకపోతే వీపు పుండవుతుంది. తిప్పే టైముకి లేద్దాంలే అని ఒక్క క్షణం కూర్చున్నాను. ఆమె బెల్లు నొక్కుతూనే ఉందట. ఇన్‌ఛార్జి వచ్చి నన్ను లేపింది."

"ఆమెకేమీ..."

"ఏం కాలేదు. ఏడుస్తోంది, అంతే. నన్ను చూసి మొహం తిప్పుకుంది." అక్క యూనిఫాం జేబు మీద పేరు బిళ్ళ ఉండే చోట తడుముకుంది. అది లేదు. "తీసేసుకున్నారు. ఇక రానక్కర్లేదన్నారు. రెండేళ్ళు చేశాను కదా, ఒక్కసారే కదా అన్నాను. విన్నారు. మర్యాదగానే విన్నారు."

పొట్టి అక్క చెయ్యి పట్టుకుని, "నా వల్లే అక్కా. నేను వద్దనాల్సింది" అంది.

అక్క ఆ చెయ్యిని వదిలించుకోలేదు, పట్టుకోనూ లేదు. "నీకు నేర్పింది నేనేగా" అంది.

పొట్టి గొడుగు తీసుకుని, ఎప్పటిలాగే బయటికి వెళ్ళింది. ఎటు వెళ్ళిందో ఆ పిల్లకే తెలియదు. వదిన ఫోను మోగి మోగి ఆగింది. తిరిగి వచ్చేసరికి అక్క లేచి కూర్చుని ఉంది. ఎప్పుడూ ఆ వేళకి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ ఉండేది. ఇప్పుడు ఆ చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు ఒళ్ళో పడున్నాయి. ఇద్దరూ వంటగదిలో నిలబడి ఒకే గిన్నెలో ఇంత అన్నం తిన్నారు. హాల్లో తెర వెనక ఆవిడ ఎవరికో సర్దిచెబుతూనే ఉంది.

గదిలోకి వచ్చాక, ఇద్దరూ ఒకేసారి మంచం వైపు చూశారు. ఇన్ని రోజుల్లో రాత్రిపూట ఇద్దరూ ఆ గదిలో కలిసి ఉండడం ఇదే మొదలు. గోడకీ మంచానికీ మధ్య ఒక మనిషి ఒత్తిగిలి పడుకునేంత చోటుంది. కింద రాయి, మంచుగడ్డలా ఉంటుంది.

అక్క దుప్పటి అందుకుంది. "నీకింకా నీరసం తగ్గలేదు. మంచం మీద నువ్వు పడుకో, నేను కింద పడుకుంటాలే" అంది.

సరే అనాలా, వద్దనాలా? ఈవిడ ఇప్పుడు మన దగ్గరి మనిషిలా అడిగిందా, ఈ ఊరి మనిషిలా అడిగిందా? అడిగిన గొంతులో ఏముందో పట్టుకుందామని పొట్టి చూసింది. ఏమీ లేదు, అలసట తప్ప.

"వద్దక్కా. నువ్వు పడుకో. నేను కింద పడుకుంటాను."

అని, నిలబడింది.

"సరే" అంది అక్క. మంచమెక్కి, దుప్పటి తలదాకా లాక్కుని, గోడవైపు తిరిగి పడుకుంది.

పొట్టి దీపం ఆర్పింది. తన పక్కబట్ట ఆ సందులో పరుచుకుని, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుంది. పైన మంచం ఒకసారి కిర్రుమంది. అక్క ఏమైనా అంటుందేమోనని చెవులప్పగించి విన్నది. మళ్ళీ చప్పుడు లేదు. నేల చలి పక్కబట్టలోంచి మెల్లగా వీపుకెక్కింది. పొట్టి ఒక పక్కకి ఒత్తిగిలింది.